ఉక్కపోత ఊళ్లో పెంటాక్స్ కె1000: ఏళ్ల వాడకం తర్వాత

శ్రీకాకుళంలో ఫిల్మ్ కెమెరా వాడితే బాడీ కంటే ముందు పాడయ్యేది లెన్సు. పెంటాక్స్ కె1000 గురించి మొదట చెప్పాల్సింది అదే. 1976 నుంచి 1997 దాకా తయారైన ఈ కెమెరా షట్టర్ పూర్తిగా మెకానికల్. సెకను నుంచి 1/1000 దాకా అన్ని స్పీడులూ బ్యాటరీ లేకుండానే పనిచేస్తాయి. వెలుతురు కొలిచే మీటర్ సూదికి మాత్రం ఒక బటన్ సెల్ కావాలి. ఎల్‌ఆర్44 వాచీ కొట్లోనూ దొరుకుతుంది గానీ ఎస్‌ఆర్44 మేలు. అయిపోయేదాకా దాని వోల్టేజి పెద్దగా పడదు. మీటర్‌కి స్విచ్ లేదు, లెన్సు మూతే స్విచ్. మూత తీసి బల్ల మీద వదిలేస్తే సెల్ ఖాళీ.

పాతది కొనేటప్పుడు వెనక తలుపు తెరిచి, 1/1000 పెట్టి, వెలుతురు వైపు చూస్తూ నొక్కండి. ఫ్రేమంతా ఒకేలా వెలగాలి. ఒక పక్క నల్లబడితే షట్టర్‌లోని రెండు కర్టెన్లూ ఒకే వేగంతో కదలడం లేదన్నమాట. 1/500 దాకా బాగుంటే మన ఎండకి ఐఎస్‌ఓ 100 ఫిల్ముతో పని జరిగిపోతుంది: లెన్సు రంధ్రం ఎఫ్/16, షట్టర్ 1/125.

వెలుతురు చొరబడకుండా తలుపు గాడుల్లో పెట్టిన ఫోమ్ ఇన్నేళ్లకి తారులా కరిగి ఉంటుంది. వెదురు పుల్లకి దూది చుట్టి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మొత్తం తీసేయాలి. కొత్త ఫోమ్ దొరక్కపోతే నల్ల ఊలు దారం గాడిలో నొక్కితే చాలు, జిగురు అక్కర్లేదు. లోపలి అద్దం పైకి లేచి తగిలే ఫోమ్ తీసేటప్పుడు మాత్రం అద్దం మీదా ఫోకసింగ్ స్క్రీన్ మీదా కాగితం అడ్డం పెట్టండి. స్క్రీన్ ప్లాస్టిక్‌ది, ఆల్కహాల్ తగిలితే మరక పోదు.

ఇక లెన్సు. 50 ఎంఎం ఎఫ్/2 లెన్సుని ఎఫ్/2లో, అంటే రంధ్రం పూర్తిగా తెరిచి పెట్టి, వెనక నుంచి టార్చి వేసి చూడండి. సాలెగూడు పోగుల్లా కనిపిస్తే బూజు. మొదట్లోనే శుభ్రం చేయిస్తే పోతుంది, కోటింగ్‌ని తినేశాక మచ్చ ఉండిపోతుంది. తర్వాత ఎఫ్/16లో పెట్టి, వెనకున్న చిన్న మీటని తోసి వదలండి. రంధ్రాన్ని చిన్నది చేసే బ్లేడ్లు టక్కున మూసుకోవాలి. నెమ్మదిగా కదిలితే వేడికి గ్రీజులోంచి విడిపోయిన నూనె వాటి మీదికి పాకింది. ఆ లెన్సుతో మిట్టమధ్యాహ్నం తీసినవన్నీ వెలుతురు ఎక్కువై వెలిసిపోతాయి. విప్పి తుడిపించాల్సిందే, చుక్క నూనె కూడా వేయకూడదు.

తోలు కేసులో దాచడం ఇక్కడ శుద్ధ తప్పు. తోలు తేమ పట్టి ఉంచుతుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, చిన్న తేమ మీటర్ చాలు. 40 నుంచి 50 శాతం మధ్య ఉంచండి. జెల్ రంగు మారగానే సన్నసెగ మీద ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. కలింగపట్నం తీరంలో తీసిన రోజు, ఇంటికి రాగానే బాడీని తడిపి పిండిన గుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడవాలి. ఉప్పు మెటల్‌ని వదలదు.

ఫిల్ము ఫ్రిజ్‌లోంచి తీసి గంటకి పైగా ఆగాకే డబ్బా మూత తెరవండి, లేకపోతే చెమ్మ పడుతుంది. ఇంట్లో కడిగేవాళ్లకి మే నెలే కష్టకాలం. హెచ్‌పీ5 అనే నలుపు-తెలుపు ఫిల్ముకి డీ-76 డెవలపర్ సగానికి సగం నీళ్లతో 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు, 24 దగ్గర దాదాపు 8. నీళ్లు అంతకంటే వేడిగా ఉంటే సమయం మరీ తగ్గి మచ్చలు పడతాయి. సీసాలని ఐసు నీళ్ల టబ్బులో దించండి, ఫిక్సర్, చివరి కడుగు నీళ్లతో సహా.