జో రోగన్ పాడ్‌కాస్ట్: ఏళ్ల తరబడి విన్నాక

మెట్రోలో, వంటింట్లో, బట్టలు మడతపెట్టేటప్పుడు నా చెవిలో ఎక్కువగా మోగింది ‘ది జో రోగన్ ఎక్స్‌పీరియన్స్’. 2009 డిసెంబరులో మొదలైన షో ఇది. నేను అందుకున్నది యూట్యూబ్ రోజుల్లో, స్పాటిఫైకి వెళ్లకముందు. రోగన్ స్టాండప్ కమెడియన్, యూఎఫ్‌సీ అనే మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీల కామెంటేటర్. ఫైటర్లతోనో తోటి కమెడియన్లతోనో కూర్చున్నాడంటే మూడు గంటలు ఇట్టే గడిచిపోతాయి. అతిథిని తొందరపెట్టడు, తెలియనిది తెలియదంటాడు, నోరెళ్లబెట్టి వింటాడు. షోకి ప్రాణం ఆ గుణమే. కొంప ముంచేదీ అదే.

2021 డిసెంబరు 31న వచ్చిన రాబర్ట్ మలోన్ ఎపిసోడ్‌నే తీసుకోండి. తర్వాత కొన్ని కోవిడ్ టీకాలకు ఆధారమైన ఎంఆర్‌ఎన్‌ఏ మీద 1980ల చివర్లోనే పనిచేసిన శాస్త్రవేత్త కాబట్టి మాటకు బరువుంటుంది. కోవిడ్ విషయంలో జనానికి సామూహికంగా మతి పోయిందన్న ధోరణిలో మాట్లాడాడు. గట్టిగా నిలదీయాల్సిన చోట రోగన్ ఊ కొట్టాడు. 270 మంది డాక్టర్లు, శాస్త్రవేత్తలు, ఇతర నిపుణులు స్పాటిఫైకి బహిరంగ లేఖ రాశారు. గాయకుడు నీల్ యంగ్ తన పాటలే తీయించేసుకున్నాడు. స్పాటిఫై ఏమో కోవిడ్ ప్రస్తావన ఉన్న ఎపిసోడ్లకు ఒక సమాచార లింకు తగిలించింది. ఫోను జేబులో పెట్టుకుని వినేవాడు దాన్ని తీసి లింకు నొక్కుతాడా? నేనైతే నొక్కలేదు.

2022 జనవరిలో వచ్చిన ఆస్ట్రేలియా జర్నలిస్టు జాష్ జెప్స్ ఎపిసోడ్ మాత్రం ఎవరికైనా వినమని చెబుతాను. టీకా వల్ల కుర్రాళ్లకు గుండె కండరం వాచే ముప్పుందని రోగన్ అంటే, ఆ ముప్పు కోవిడ్ వస్తేనే ఇంకా ఎక్కువని జెప్స్ అడ్డుపడ్డాడు. రోగన్ ఒప్పుకోలేదు. ప్రొడ్యూసర్ జేమీ అక్కడికక్కడే వెతికాడు. తేలింది జెప్స్ మాటే. రోగన్ తడబాటు మనకు స్పష్టంగా వినిపిస్తుంది. ఎదురు చెప్పే స్నేహితుడు ఒక్కడుంటే ఇదే షో ఎంత బాగుంటుందో! కానీ ఆ కుర్చీలో అలాంటివాళ్లు కూర్చునేది తక్కువ.

పరాన్నజీవుల జబ్బులకు వాడే ఐవర్‌మెక్టిన్ మాత్ర సంగతి మనకూ తగిలింది. 2021 సెప్టెంబరులో కోవిడ్ వచ్చినప్పుడు తను వాడిన మందుల జాబితాలో రోగన్ దాన్నీ చెప్పాడు. అదే ఏడాది ఏప్రిల్‌లో మన కేంద్రం ఇచ్చిన హోం ఐసొలేషన్ సూచనల్లోనూ ఆ మాత్ర ఉంది. దాంతో మా కజిన్స్ గ్రూపులో “చూశారా, అమెరికా వాడే ఒప్పుకున్నాడు” అంటూ క్లిప్పులు తిరిగాయి. రోగన్ అదే జాబితాలో చెప్పిన మోనోక్లోనల్ యాంటీబాడీల (ల్యాబ్‌లో తయారుచేసి ఎక్కించే యాంటీబాడీల) ఊసు ఆ క్లిప్పుల్లో లేదు. ఐవర్‌మెక్టిన్‌తో ఆస్పత్రి పాలయ్యేవాళ్లు తగ్గలేదని 2022 మార్చిలో బ్రెజిల్ ట్రయల్ ఫలితాలు వచ్చాయి. అవి మా గ్రూపులోకి రానేలేదు.

2024 అక్టోబరులో ట్రంప్ వచ్చి దాదాపు మూడు గంటలు మాట్లాడాడు. పోలింగ్ ముందురోజు రోగన్ ఆయనకు మద్దతు ప్రకటించాడు. టీవీ యాంకర్ చెబితే తోసిపుచ్చే మనిషి కూడా రోజూ చెవిలో కబుర్లు చెప్పేవాడి మాటను కొట్టిపారేయలేడు. అన్నేళ్ల చనువు మరి.

వినోదానికి నాలుగు స్టార్లు, ఆరోగ్య సమాచారానికి ఒకటి. ఆ ఒకటీ జేమీకే. మందుల గురించి మాట్లాడే అతిథి ఒంటరిగా వస్తే ఎపిసోడ్ వదిలేస్తున్నాను. ఫైటర్లు వస్తే మాత్రం ఇప్పటికీ మొత్తం వింటాను, మధ్యలో వచ్చే సప్లిమెంట్ల ప్రకటనలు దాటేస్తూ.