చేపల పెట్టెలో ఏ ఐసు మేలు: దిమ్మా, పొడా, ఉప్పు కలిపిందా?

నరసాపురం నుంచి హైదరాబాద్‌లో ఉన్న మా అక్కకి పండుగప్ప పంపడం మాకు అలవాటు. పోయినేడు థర్మోకోల్ పెట్టెలో ఐసు దిమ్మని రెండు ముక్కలు చేసి చేపల మధ్య పెట్టాను, పెద్ద గడ్డయితే తెల్లారేదాకా ఉంటుంది కదా అని. ఉంది కూడా. అక్క మూత తీసేసరికి గడ్డ సగం పైగా అలాగే ఉంది, దానికి తగలని చేపల మొప్పలు మాత్రం రంగు తిరిగిపోయి వాసనొచ్చేశాయి.

ఐసు కరిగితేనే చేప చల్లబడుతుంది, అసలు సంగతి అది. కిలో ఐసు సున్నా డిగ్రీల దగ్గర నీళ్లవడానికి 334 కిలోజౌళ్ల వేడి లాక్కుంటుంది, ఆ వేడితో కిలో నీళ్లని సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచొచ్చు! అంత వేడీ నీటి అణువుల మధ్య పట్టు సడలించడానికే పోతుంది కాబట్టి కరిగినంతసేపూ ఐసు సున్నా దగ్గరే ఉంటుంది. బళ్లో గుప్తోష్ణం అని చదివింది ఇదే. మైనస్ 10లో ఉన్న ఐసు సున్నాకి రావడానికి పట్టేది 21 కిలోజౌళ్లే, అందుకే ఫ్యాక్టరీలో ఇంకా చల్లటి ఐసు కావాలని అడిగినా పెద్దగా కలిసొచ్చేది లేదు.

కరగడం పైపొర నుంచే మొదలవుతుంది. దిమ్మని పొడి కొడితే పైపొర ఎన్నో రెట్లు పెరుగుతుంది, వేడి త్వరగా లాగుతుంది. అయినా పలుకుల మధ్య గాలి సందులుంటాయి. కాసిని నీళ్లు కలిపితే ఆ సందులూ మూసుకుపోయి చల్లదనం చేప ఒంటికంతా అంటుకుంటుంది, రొయ్యల చెరువుల దగ్గర పట్టుబడి రోజు టబ్బుల్లో ఐసు నీళ్లు పెట్టేది ఇందుకే. 30 డిగ్రీల్లో ఉన్న 10 కిలోల చేపని సున్నాకి దించడానికి లెక్కప్రకారం మూడు కిలోల పైచిలుకు ఐసు చాలు, కానీ దారిపొడుగునా బయటి వేడి తగులుతూనే ఉంటుంది కాబట్టి నేను చేపకి సమానంగా వేస్తాను.

ఇక ఉప్పు. అది కలిస్తే ఐసు సున్నా కంటే కిందే కరుగుతుంది, సరిపడా వేస్తే మైనస్ 21 దాకా దిగుతుంది. కుల్ఫీకి భేషుగ్గా ఉంటుంది గానీ, చేప కండ మైనస్ 1, 2 డిగ్రీల్లోనే గడ్డకట్టడం మొదలవుతుంది. సగం గడ్డకట్టి మళ్లీ కరిగిన కండ నీళ్లు వదిలేసి పీచుపీచుగా అయిపోతుంది. తాజా చేపకి ఉప్పు ఐసు వద్దే వద్దు.

ఇప్పుడు చేపల్ని ముందు గంటసేపు ఐసు నీళ్లలో ముంచి, తర్వాత పెట్టెలో పొడి కొట్టిన ఐసు ఒక వరస, చేప ఒక వరసగా సర్దుతున్నాను. దిమ్మ ముక్క ఒక్కటి అన్నిటికంటే పైన పెడతాను, తెల్లవారుజామున పొడి అయిపోవచ్చాక దాని నీళ్లు చేపల మీదుగా కారేలా.