డిసెంబరు రద్దీలో అమెరికా ప్రయాణం: ఒకే టికెట్టా, విడి టికెట్లా?

తిరుపతి వాసులు చాలామంది సుమారు 135 కిలోమీటర్ల దూరంలోని చెన్నైలోనే అమెరికా విమానం ఎక్కుతారు. అక్కడి నుంచి గమ్యం దాకా ఒకే టికెట్టు కొనాలా, లేక గల్ఫ్ దాకా ఒకటి, ఆపై మరొకటి విడిగా కొనాలా అన్నదే చిక్కు.

ఖర్చు: విడి టికెట్లు చౌకగా కనిపించవచ్చు గానీ, చౌక విమానాల్లో సామానుకూ భోజనానికీ వేరే చెల్లించాలి. ఆవకాయ, అప్పడాలు సర్దిన 23 కిలోల పెట్టెలు రెండుంటే ఆ మిగులు అక్కడే కరిగిపోతుంది.

శ్రమ: విడి టికెట్లయితే మధ్యలో పెట్టెలు తీసుకుని మళ్లీ అప్పగించాలి, అందుకు ఆ దేశపు వీసా కూడా అవసరం కావచ్చు.

నష్టభయం: అసలు మెలిక ఇదే. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే, ఒకే టికెట్టున్నవారిని మరో విమానంలో పంపే బాధ్యత సాధారణంగా విమాన సంస్థదే. విడిగా కొన్నవారిని మాత్రం రెండో సంస్థ రానివారిగా లెక్కగట్టి, తిరుగు టికెట్టును సైతం రద్దు చేయవచ్చు. డిసెంబరు తుపాన్ల నెల కూడా. 2023లో మిచౌంగ్ ధాటికి చెన్నై విమానాశ్రయమే మూతపడింది.

కూతురి కాన్పుకు వెళ్లే తల్లిదండ్రులకు ఒకే టికెట్టే తగినది. చేతిసంచితో బయలుదేరి, మధ్యలో ఒక రాత్రి ఆగగలిగే విద్యార్థికి విడి టికెట్లు గిట్టుబాటవుతాయి.