సాలిగ్రామం శనివారం క్లాస్: ఈ కాలం బ్రాస్ కంపోజర్ల గురించి ఇంత వివరంగా చెప్పేవాళ్ళు నాకింకెక్కడా దొరకలేదు

ముందే చెప్పేస్తా, చెన్నైలో ఉన్న మన తెలుగువాళ్ళలో ట్రంపెట్టో ట్రాంబోనో యూఫోనియమో ఊదేవాళ్ళు, పిల్లల్ని ట్రినిటీ సంగీత గ్రేడ్ పరీక్షలకి పంపేవాళ్ళు, ఏదీ వాయించకపోయినా ఆర్కెస్ట్రా వినడం ఇష్టమున్నవాళ్ళు, ఎవరైనా సరే ఈ క్లాస్‌కి వెళ్ళండి. సాలిగ్రామంలో ఒక రిటైర్డ్ స్టూడియో ట్రాంబోన్ మాస్టారు తన ఇంటి మేడ మీద శనివారం సాయంత్రాలు నడుపుతున్నారు. బోర్డు లేదు, పేరు నెట్‌లో పెట్టొద్దని ఆయనే అడిగారు కాబట్టి రాయట్లేదు, కావాల్సినవాళ్ళు మెసేజ్ పెట్టండి నంబర్ ఇస్తా. ఫీజు నెలకి 2,000. సబ్జెక్టు ఒక్కటే: మన కాలపు కంపోజర్లు బ్రాస్ వాద్యాలకీ (ట్రంపెట్, ట్రాంబోన్, ట్యూబా లాంటి ఇత్తడి ఊదుడు వాద్యాలు) ఆర్కెస్ట్రాకీ కలిపి ఏం రాస్తున్నారు, ఆ రాతతో వాళ్ళ జీవితం ఎలా గడుస్తోంది.

ఆ రెండో ముక్క కోసమే ఈ రివ్యూ రాస్తున్నా. మ్యూజిక్ అప్రిసియేషన్ పేరుతో ఇంతకు ముందు నేను వెళ్ళిన ఒక చోట బాక్, మొజార్ట్, బీతోవెన్ అయ్యాక కోర్సు అయిపోయిందన్నారు, అందులో బ్రాస్ సెక్షన్ గురించి ఒక్క మాట లేదు, బతికున్న కంపోజర్ పేరు ఒక్కటీ లేదు. ఇక్కడ మాస్టారు ఏ పీస్ వినిపించినా ముందు నాలుగు ప్రశ్నలు అడుగుతారు, రాయమని ఎవరు అడిగారు, డబ్బు ఎవరు ఇచ్చారు, మొదట ఎవరు ఊదారు, రెండోసారి ఎక్కడ వాయించారు. ఈ నాలుగో ప్రశ్న ఎంత ముఖ్యమైందో క్లాస్‌కి వెళ్ళే దాకా నాకు తెలీదు. కొత్త పీస్‌కి మొదటి కచేరీ దొరకడం కష్టమే కానీ రెండోది దొరకడం అంతకంటే కష్టం, ప్రీమియర్ అయిపోయి పేపర్లో వార్త వచ్చాక ఆ స్కోర్, అంటే రాసిన నొటేషన్, అలమారాలోకి వెళ్ళిపోతే కంపోజర్‌కి పేరు మిగులుతుందేమో గానీ ఆదాయం ఉండదు.

మొదటి క్లాస్ 1954తో మొదలుపెట్టారు. ఇంగ్లండ్ కంపోజర్ వాన్ విలియమ్స్ 81 ఏళ్ళ వయసులో ట్యూబా కాన్సర్టో రాశాడు (ట్యూబా అంటే బ్రాస్‌లో అన్నిటికంటే పెద్దది, కాన్సర్టో అంటే సోలో వాద్యం ముందుండి ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే పెద్ద పీస్), లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా యాభై ఏళ్ళ సందర్భంలో అదే ఆర్కెస్ట్రాలో ట్యూబా ఊదే ఫిలిప్ కాటెలినెట్ దాన్ని మొదట వాయించాడు. కాటెలినెట్ సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ బ్యాండ్ల నుంచి వచ్చిన మనిషి. ఇది చెప్తున్నప్పుడు మాస్టారి మొహం చూడాలి, ఎందుకంటే ఆయన కూడా బాపట్ల వైపు సాల్వేషన్ ఆర్మీ బ్యాండులోనే చిన్నప్పుడు ఊదడం నేర్చుకున్నారట. ఇక్కడి నుంచి ఈ కోర్సు మొత్తానికీ ఒక దారం దొరికింది. బ్రాస్‌కి పెద్ద పీస్ పుట్టిన దగ్గరల్లా వెనకాల ఒక వాయిద్యకారుడు ఉంటాడు, ఆయన అడుగుతాడు, పట్టుబడతాడు, కంపోజర్ దగ్గర కూర్చుని ఏది ఊదొచ్చో ఏది ఊదకూడదో చూపిస్తాడు. పియానోకి వందల ఏళ్ళుగా ఉన్న సంగీతం ట్యూబాకి లేదు, ఎవరో ఒకరు అడక్కపోతే ఉండదు.

అందుకే స్వీడన్ వాయిద్యకారులు ఇద్దరి మీద రెండు వారాలు పెట్టారు, నా వరకు కోర్సులో బెస్ట్ భాగం అదే. క్రిస్టియన్ లిండ్‌బర్గ్ పదిహేడేళ్ళకి ట్రాంబోన్ పట్టుకున్నాడు, కొద్ది కాలంలోనే స్టాక్‌హోమ్ ఒపెరా ఆర్కెస్ట్రాలో ఉద్యోగం వచ్చింది, అది వదిలేసి ట్రాంబోన్ సోలోయిస్టుగానే బతుకుతానని బయటికొచ్చేశాడు. ఆ రోజుల్లో అలాంటి కెరీర్ దాదాపు లేదు. వాయించడానికి పీసులు చాలవు కాబట్టి కనబడిన ప్రతి కంపోజర్నీ అడిగాడు. యాన్ సాండ్‌స్ట్రోమ్ ఆయన కోసం రాసిన మోటర్‌బైక్ కాన్సర్టోలో ట్రాంబోన్ నిజంగానే బండి స్టార్ట్ చేసినట్టు, గేర్ మార్చినట్టు వినిపిస్తుంది, స్లైడ్ జారుడు ఉన్న వాద్యం కాబట్టి అది సాధ్యం, వాల్వులున్న ట్రంపెట్ మీద ఆ జారుడు అంత పొడుగ్గా రాదు. ఇటలీ కంపోజర్ బెరియో కూడా లిండ్‌బర్గ్ కోసం రాశాడు. తర్వాత లిండ్‌బర్గ్ తనే కంపోజర్ అయ్యాడు, కండక్టర్ కూడా అయ్యాడు. మాస్టారు స్లైడ్ తీసి చూపించి ఏడు పొజిషన్లలో ఏది ఎక్కడ పడుతుందో చెప్పి మళ్ళీ అదే చోటు వినిపించారు, రెండోసారి విన్నప్పుడు అది గమ్మత్తు కోసం రాసింది కాదని, వాద్యం స్వభావం నుంచే పుట్టిందని నాకు అర్థమైంది.

రెండో ఆయన హోకన్ హార్డెన్‌బెర్గర్, ట్రంపెట్. బర్ట్‌విసిల్, హెన్జ్, టర్నేజ్, బ్రెట్ డీన్, హెలెన్ గ్రైమ్ ఇలా ఆయన కోసం రాసినవాళ్ళ జాబితా చూస్తే గత నలభై ఏళ్ళ ట్రంపెట్ సంగీతం చాలా వరకు అందులోనే ఉంటుంది. మాస్టారు ఎంచుకున్నది హెచ్.కె. గ్రూబర్ రాసిన ఏరియల్, 1999లో లండన్ ప్రామ్స్ సంగీతోత్సవంలో మొదట వాయించారు, అందులో సోలోయిస్టు ట్రంపెట్‌తో పాటు ఆవు కొమ్ము కూడా ఊదాలి. మన ఊళ్ళలో కొమ్ము బూర విన్నవాళ్ళకి ఆ శబ్దం కొత్తేం కాదు, క్లాసులో ఉన్న మా తెలుగు బ్యాచ్ అంతా ఒకేసారి తలెత్తాం. గ్రూబర్ కెరీర్ కూడా బాగా చెప్పారు, చిన్నప్పుడు వియన్నా బాయ్స్ క్వైర్, తర్వాత దాదాపు ముప్పై ఏళ్ళు వియన్నా రేడియో ఆర్కెస్ట్రాలో డబుల్ బాస్ ఉద్యోగం, ఆ ఉద్యోగం చేస్తూనే రాయడం. ఆర్కెస్ట్రా వెనక వరసలో కూర్చుని అన్నేళ్ళు విన్నవాడికి ఏ వాద్యం దేన్ని మింగేస్తుందో తెలుస్తుంది, ఏరియల్‌లో ఆర్కెస్ట్రా అంత పెద్దగా ఉన్నా ట్రంపెట్ ఎక్కడా మునగదు.

డబ్బు సంగతి అసలు అర్థమైంది అమెరికా క్లాసుల్లో. జెనిఫర్ హిగ్డన్, 1962లో పుట్టింది, పదిహేనేళ్ళకి ఫ్లూట్ తనంతట తనే నేర్చుకుంది, కంపోజిషన్ మొదలుపెట్టింది ఇరవై దాటాకే. మా క్లాసులో ఇంటర్ చదివే అమ్మాయి ఒకతి ఉంది, తనకి లేట్ అయిపోయిందని ఎప్పుడూ దిగులు పడుతుంటుంది, ఇది వినగానే నోట్‌బుక్‌లో పెద్ద అక్షరాలతో రాసుకుంది. హిగ్డన్ 2010లో వయొలిన్ కాన్సర్టోకి పులిట్జర్ తీసుకుంది, ఐనా పెద్ద పబ్లిషర్ దగ్గరికి వెళ్ళకుండా లాడన్ ప్రెస్ అని సొంతంగా నడుపుకుంటోంది. ఇక్కడ మాస్టారు ఒక విషయం చాలా ఓపిగ్గా విడమర్చారు, ఆర్కెస్ట్రా పీసుల పార్టులు, అంటే ఒక్కో వాద్యానికి విడిగా రాసిన కాగితాలు, మామూలుగా అమ్మరు, అద్దెకిస్తారు, ప్రతి కచేరీకీ అద్దె వస్తుంది, పబ్లిషర్ ఉంటే అందులో వాళ్ళ వాటా పోతుంది, సొంత ప్రెస్ ఐతే ప్రింటింగ్, పోస్టు, ఫోన్లు అన్నీ మనమే చూసుకోవాలి గానీ వచ్చింది మన దగ్గరే ఉంటుంది. ఆమె లో బ్రాస్ (అడుగు స్వరాల బ్రాస్) కాన్సర్టోలో రెండు టెనర్ ట్రాంబోన్లు, ఒక బాస్ ట్రాంబోన్, ఒక ట్యూబా, వెనకాల ఆర్కెస్ట్రా. షికాగో, ఫిలడెల్ఫియా, బాల్టిమోర్ ఆర్కెస్ట్రాలు మూడూ కలిసి రాయించుకున్నాయి, 2018 ఫిబ్రవరిలో షికాగోలో రికార్డో ముటి కండక్ట్ చేశాడు. ముగ్గురు కలిసి డబ్బు వేసుకున్నప్పుడే ముగ్గురూ వాయించాల్సి ఉంటుంది కాబట్టి, మాస్టారి నాలుగో ప్రశ్నకి జవాబు కాగితం మీద సంతకం పెట్టినప్పుడే దొరికేసింది. ఊళ్ళో నలుగురు కలిసి బోరు వేయించుకున్నట్టు, ఖర్చూ పంచుకుంటారు నీళ్ళూ పంచుకుంటారు.

ఆ పీస్ గురించి కూడా ఒక మాట. లో బ్రాస్ అంటే సినిమాల్లో విలన్ వచ్చినప్పుడు మోగేది అనే అలవాటు మనందరికీ ఉంది, ఇందులో ట్యూబా పాట పాడుతుంది, నిజంగా పాడుతుంది, నెమ్మదిగా సాగే చోట్ల నాలుగు వాద్యాలు ఒకరి శ్వాస ఒకరు అందుకుంటున్నట్టు ఉంటుంది. నేను యూఫోనియం, అంటే చిన్న ట్యూబా లాంటిది, ఊదుతా కాబట్టి నాకు ఎక్కువ నచ్చిందేమో, కానీ పక్కన కూర్చున్న కీబోర్డు కుర్రాడు కూడా మళ్ళీ పెట్టమన్నాడు.

జాన్ మ్యాకీది వేరే దారి. 1973లో పుట్టాడు, జూలియార్డ్‌లో చదివాడు, రెడ్‌లైన్ టాంగో అని ఆర్కెస్ట్రాకి రాసి దాన్నే 2004లో విండ్ బ్యాండ్‌కి, అంటే ముఖ్యంగా ఊదే వాద్యాల బ్యాండ్‌కి, మార్చాడు, ఆ బ్యాండ్ రూపానికి మరుసటి ఏడాది బ్యాండ్ సంగీతానికిచ్చే ఆస్ట్‌వాల్డ్ అవార్డు వచ్చింది, అక్కడి నుంచి ఆయన జీవితం బ్యాండ్ల వైపు తిరిగిపోయింది. అమెరికాలో చాలా యూనివర్సిటీలకీ, హైస్కూళ్ళకీ బ్యాండ్ ఉంటుంది, వాళ్ళకి ఎప్పుడూ కొత్త పీసులు కావాలి, రిహార్సల్‌కి వారాల టైమ్ ఉంటుంది. ప్రొఫెషనల్ ఆర్కెస్ట్రాలో కొత్త పీస్‌కి దొరికే రిహార్సల్ టైమ్ చాలా తక్కువ. న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ ట్రాంబోన్ వాద్యకారుడు జోసెఫ్ అలెస్సీ కోసం రాసిన హార్వెస్ట్ కాన్సర్టో వినిపించారు, అది కూడా విండ్ బ్యాండ్‌తోనే. ఈయన కూడా సొంత పబ్లిషింగే. బ్యాండ్ అంటే ఆర్కెస్ట్రా కంటే తక్కువ అనే చూపు మన దగ్గర కూడా ఉంది, పెళ్ళి ఊరేగింపులో ముందు నడిచే బ్యాండు మేళం వాళ్ళని మనం ఎలా చూస్తామో తెలిసిందే కదా, అందుకే మ్యాకీ కథ నన్ను బాగా పట్టుకుంది.

విన్‌టన్ మార్సాలిస్ ట్యూబా కాన్సర్టో 2021లో ఫిలడెల్ఫియాలో కరోల్ జాంచ్ వాయించింది. ఆమె 2006లో ఆ ఆర్కెస్ట్రాలో ప్రిన్సిపల్ ట్యూబాగా చేరింది, సెలెక్ట్ అయినప్పుడు ఇంకా స్టూడెంటే. జేమ్స్ మాక్‌మిలన్ తాతగారు స్కాట్లండ్‌లో బొగ్గు గని కార్మికుడు, గని బ్యాండులో యూఫోనియం ఊదేవాడు, మనవడు పెద్దయ్యాక 2017లో ఆమ్‌స్టర్‌డామ్ కాన్సర్ట్‌ఖెబౌ ఆర్కెస్ట్రాకి ట్రాంబోన్ కాన్సర్టో ఇచ్చాడు. డానీ హవర్డ్ ఇంకా చిన్న వయసు, పీటర్ మూర్ కోసం రాసిన ట్రాంబోన్ కాన్సర్టో 2021లో లివర్‌పూల్‌లో వచ్చింది, ఆ పీటర్ మూర్ పన్నెండేళ్ళకే బీబీసీ యంగ్ మ్యుజీషియన్ పోటీ గెలిచినవాడు. ఈ ముగ్గురినీ ఒకే సాయంత్రంలో లాగించేశారు, అది నాకు నచ్చలేదు, మార్సాలిస్ ఒక్కడికే ఒక క్లాస్ కావాలి.

బాగాలేనివి కూడా చెప్పాలి కదా. స్పీకర్లు చాలవు, ట్యూబా అడుగు స్వరాలు ఆ గదిలో సగం వినబడవు, మంచి హెడ్‌ఫోన్లలో ఇంటికెళ్ళి మళ్ళీ వినాల్సిందే. ఇంగ్లండ్ బ్రాస్ బ్యాండ్ కంపోజర్లు, అంటే ఫిలిప్ స్పార్క్, ఎడ్వర్డ్ గ్రెగ్సన్ లాంటివాళ్ళు, పేర్లతోనే అయిపోయారు, గ్రెగ్సన్ ట్యూబా కాన్సర్టో 1976లో ముందు బ్రాస్ బ్యాండ్‌తోనే పుట్టింది కదా, దాన్ని వదిలేయడం పెద్ద లోటు. ఫ్రెంచ్ హార్న్‌కి ఐతే అసలు చోటే లేదు, థియా మస్‌గ్రేవ్ 1971 హార్న్ కాన్సర్టో ఉందండీ అని నేనే గుర్తు చేశా, తర్వాతి బ్యాచ్‌లో పెడతానన్నారు. క్లాస్ సగం తెలుగు సగం తమిళం, మాస్టారు ఊపులో ఉన్నప్పుడు ఏ భాషలో మాట్లాడుతున్నారో ఆయనకే గుర్తుండదు, తమిళం రానివాళ్ళు మధ్యలో ఆపి అడగొచ్చు, ఏమీ అనుకోరు.

ఒక్క సాయంత్రం మాత్రం ఆయన ఏ రికార్డింగూ పెట్టలేదు. వడపళని, సాలిగ్రామం చుట్టుపక్కల స్టూడియోల్లో ఒకప్పుడు బ్రాస్ సెక్షన్ ఎలా కూర్చునేదో, నొటేషన్ అప్పటికప్పుడు రాసిచ్చి గంటలో టేక్ ఎలా తీసేవాళ్ళో, కీబోర్డులో బ్రాస్ శాంపిల్స్ వచ్చాక పిలుపులు ఎలా తగ్గిపోయాయో చెప్పారు. ఇళయరాజా గారు 2025 మార్చిలో లండన్‌లో రాయల్ ఫిల్హార్మోనిక్‌తో తన సింఫనీ వినిపించినప్పుడు ఈ వీధుల్లో ఎంత సంబరం జరిగిందో కూడా చెప్పారు. నాకు ఆ రోజు బాగా తగిలిన విషయం ఏంటంటే, ఇక్కడ అంత గొప్పగా ఊదినవాళ్ళు ఉన్నారు, రాయగలిగినవాళ్ళు ఉన్నారు, కానీ నా వాద్యానికి ఒక కాన్సర్టో రాయండి అని అడిగే పద్ధతి, దానికి నలుగురు కలిసి డబ్బు పెట్టే పద్ధతి మన దగ్గర లేవు. లిండ్‌బర్గ్‌కీ మన స్టూడియో ట్రాంబోన్ వాళ్ళకీ వాయించే నైపుణ్యంలో తేడా ఎంతో నేను చెప్పలేను గానీ, ఈ ఒక్క విషయంలో తేడా మాత్రం ఆకాశమంత. మేము క్లాస్‌లో కొందరం ఈ మాట మీదే ఉన్నాం, చర్చి బ్యాండ్లూ ఒకట్రెండు స్కూళ్ళూ కలిస్తే పది నిమిషాల పీస్ ఒకటి రాయించుకోవడం కుదరని పనేం కాదు, మాస్టారు కూడా సరే అన్నారు, ఎవరైనా కలుస్తామంటే చెప్పండి.

వెళ్ళేవాళ్ళకి: వడపళని మెట్రోలో దిగితే షేర్ ఆటో దొరుకుతుంది, బండి పెట్టడానికి సందులో చోటు తక్కువ. స్కోర్ చదవడం రాకపోయినా పర్లేదు, ఆయన వేలు పెట్టి చూపిస్తారు. వాద్యం ఉంటే తీసుకెళ్ళండి, క్లాస్ అయ్యాక ఊదనిస్తారు, రాత్రి ఎనిమిదిన్నర దాకా పక్కింటివాళ్ళు ఏమీ అనరు. తర్వాతి బ్యాచ్ సంక్రాంతి అయ్యాక, పదిహేను మందికి మించి తీసుకోరు కాబట్టి ముందే ఫోన్ చేసుకోండి.