గాజుపెట్టెలో బల్లికి ఏది మేలు: పేపర్ టవలా, మట్టీ మొక్కలా?

"గోడ మీద తిరిగేవి చాలవని ఇంకోటి కొనుక్కొచ్చావా?" క్రెస్టెడ్ గెకోని ఇంటికి తెచ్చిన రోజు అమ్మ అన్న మొదటి మాట ఇది. రెండోది బల్లిశాస్త్రం గురించి, అది వదిలేద్దాం.

కళ్ల పైన రెప్పవెంట్రుకల్లాంటి బుల్లి ముళ్లుండే ఈ బల్లి సొంత చోటు ఆస్ట్రేలియాకు తూర్పున ఉన్న న్యూ కాలెడోనియా. 1866లో శాస్త్రవేత్తలు దీనికి పేరు పెట్టారు. తర్వాత చాలాకాలం ఎవరికీ కనబడక అంతరించిపోయిందనుకున్నారు. 1994లో మళ్లీ దొరికింది. తోక ఒకసారి ఊడితే మన ఇంటి బల్లికి మొలిచినట్టు దీనికి మళ్లీ మొలవదు.

తెచ్చుకున్నవాళ్లందరికీ వచ్చే సందేహమే నాకూ వచ్చింది. గాజుపెట్టె అడుగున పేపర్ టవల్ పరిచి, ప్లాస్టిక్ తీగలు వేలాడదీసి సరిపెట్టుకోవాలా? లేక మట్టి పోసి, మొక్కలు నాటి, ఆ మట్టిలో పురుగుల్ని కూడా పెంచి చిన్న అడవిని కట్టాలా? రెండూ చేసి చూశాను. మధ్యలో ఇంకో దారి కూడా ఉంది, దాని సంగతి తర్వాత చెప్తాను.

పేపర్ టవల్ చూడ్డానికి ఆసుపత్రి మంచంలా ఉంటుంది. కానీ దానిమీద ఏదీ దాగదు. పెంట వేసిందా లేదా, గట్టిగా ఉందా నీళ్లలా ఉందా, అందులో పురుగులేమైనా ఉన్నాయా, అన్నీ పొద్దున్నే లైటు వేయగానే తెలిసిపోతాయి. పొడిని నీళ్లలో కలిపి పెట్టే ఆహారం ఎంత నాకిందో కూడా తెలుస్తుంది. అందుకే కొత్తగా వచ్చిన బల్లిని కనీసం నెల, వీలైతే మూడు నెలలు దీనిమీదే ఉంచాలి. పది గ్రాములు కూడా లేని పిల్లలకైతే ఇంకో మాటే లేదు. పెద్ద మొక్కల పెట్టెలో వేస్తే వాటికి తిండి గిన్నె దొరకదు, మనకి అవి దొరకవు.

దీనికున్న లోటు తేమ. రాత్రి నీళ్లు చల్లితే 80 శాతానికి చేరిన తేమ, కాగితం ఆరగానే గంటల్లో పడిపోతుంది. పగలు 50 దాకా దిగడం మంచిదే, దిగకపోతే బూజు పడుతుంది. కానీ హైదరాబాద్‌లో ఏసీ నడిచే గదిలో అంతకంటే చాలా కిందికి పోతుంది. తేమ చాలకపోతే కుబుసం సరిగా ఊడదు, కాలివేళ్ల దగ్గర చుట్టుకుని బిగుసుకుపోతుంది. రోజుకు రెండుసార్లు స్ప్రే బాటిల్ పట్టుకోవడం, రెండు రోజులకోసారి కాగితం మార్చడం తప్పదు. ఊరెళ్లాలంటే టెన్షన్.

ఇక అడవి. పెద్ద గెకోకి 45 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, 60 ఎత్తున్న పెట్టె సరిపోతుంది. పుస్తకాల్లో చెప్పే వరస ఇది: అడుగున నీళ్లు దిగే పొర, దానిమీద జాలీ, ఆపైన మట్టి మిశ్రమం, మొక్కలు, రాలిన ఆకులు. నేను మొదటిసారి కట్టినప్పుడు అడుగున గులకరాళ్లు పోశాను. ఐదు సెంటీమీటర్ల మందం అంటే పది లీటర్ల రాళ్లు, అంటే పదిహేను కిలోల పైమాటే. పెట్టెను జరపాలంటే ఇద్దరు కావాలి. అదే కాల్చిన మట్టి బంతులైతే నాలుగు కిలోలు దాటవు.

అసలు తప్పు బరువు దగ్గర కాదు, నీళ్ల దగ్గర జరిగింది. అడుగున పొర ఉంది కదా అని రోజూ ధారాళంగా చల్లాను. కుండీకి కింద చిల్లు ఉంటుంది, గాజుపెట్టెకు ఉండదు. దిగిన నీళ్లు ఎక్కడికీ పోవు, అక్కడే పైకి పేరుకుంటాయి. ఆరు వారాలకి తలుపు తీస్తే కుళ్లిన కోడిగుడ్డు వాసన. మట్టి మొత్తం పడేశాను. ఇప్పుడు ఒక మూలన సన్నటి పైపు అడుగుదాకా దించి ఉంచుతాను. నీరు ఎక్కువైతే దాంట్లోంచి సిరంజితో లాగేస్తాను. జాలీగా దోమతెర ముక్క చాలు.

మట్టి విషయంలో ఉత్త కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) వాడొద్దని చెప్తాను. చవక, ఎక్కడైనా దొరుకుతుంది, 650 గ్రాముల ఇటుక తడిస్తే ఎనిమిది తొమ్మిది లీటర్లవుతుంది, అన్నీ నిజమే. కానీ ఏడాది తిరిగేసరికి అణిగిపోయి, గాలాడని ముద్దవుతుంది. కొన్నిట్లో ఉప్పు కూడా ఉంటుంది కాబట్టి రెండు మూడుసార్లు కడిగి పిండాలి. ఈ వ్యాపకంలో ఉన్నవాళ్లు మెచ్చుకునేది అట్లాంటా బొటానికల్ గార్డెన్‌లో పుట్టిన మిశ్రమం: చెట్టు ఫెర్న్ పీచు, ఆర్కిడ్ మొక్కలకు వాడే బెరడు రెండేసి వంతులు, పీట్ (చిత్తడి నేలల్లో నాచు కుళ్లి అయ్యే మట్టి), స్ఫాగ్నమ్ అనే నాచు, బొగ్గు ఒక్కో వంతు. ఫెర్న్ పీచు ఇక్కడ సులువుగా దొరకదు. దాని బదులు కొబ్బరి డొక్క ముక్కలు, పీట్ బదులు కోకోపీట్ వేశాను. బొగ్గు ఇస్త్రీ బండి అతని దగ్గర ఒక డబ్బాడు అడిగి తెచ్చుకున్నాను. రెండేళ్లయినా మిశ్రమం ఇంకా పొడిపొడిగానే ఉంది.

మట్టిలో పాకీ పనికి రెండు రకాల జీవులు కావాలి. స్ప్రింగ్‌టెయిల్స్ అని నువ్వుగింజ కంటే చిన్నవి, ఇవి బూజు తింటాయి. ఐసోపాడ్స్ పెంటనీ కుళ్లిన ఆకుల్నీ తింటాయి. కుండీ ఎత్తితే కింద కనబడి, ముట్టుకోగానే ఉండ చుట్టుకునేవి వీటి బంధువులే. ఈ జీవుల కోసం పైన ఆకులు పరచాలి. విదేశాల్లో డబ్బు పెట్టి కొనుక్కునే బాదం ఆకులు మన వీధుల్లో ఊరికే రాలుతుంటాయి. మందు కొట్టని చెట్టువి ఏరుకుని, మరిగించి, ఎండబెడితే చాలు. వేపాకు మాత్రం వద్దు. పురుగుల్ని తరిమే ఆకు కదా, మనం ఇక్కడ పురుగుల్ని పెంచుతున్నాం.

అడవి పెట్టెలో నాకు నచ్చనిది ఒకటే, జబ్బు కనబడదు. మా గెకో ఒకసారి మూడు వారాల్లో 41 గ్రాముల నుంచి 36కి తగ్గింది. తిండి గిన్నె ఆకుల చాటున ఉంది. పెంటను ఐసోపాడ్స్ ఎప్పటికప్పుడు తినేస్తున్నాయి. వంటింటి త్రాసు మీద పెట్టేదాకా నాకేమీ తెలియలేదు.

అప్పుడు పట్టుకున్నదే మూడో దారి. మొక్కల్ని నాటకుండా కుండీలతోనే పెట్టెలో పెట్టడం. మనీప్లాంట్, సింగోనియం, ఒక స్నేక్ ప్లాంట్, మూడూ చిన్న కుండీల్లో. ముందు వాలుగా బెరడు ముక్కలు పెడితే కుండీలు కనబడవు. వాటి మధ్య నేల మీద పేపర్ టవల్, తిండి గిన్నె ఉన్న వైపు ఖాళీగా. మొక్కల వల్ల తేమ కాగితం ఒక్కదానికంటే బాగా నిలుస్తుంది. ఏ మొక్కయినా వాడిపోతే దాన్నొక్కదాన్నే తీసి వేరేది పెట్టొచ్చు. కడియం నర్సరీల నుంచి వచ్చే మొక్కలు నల్ల కవర్లో ఎర్రమట్టితో ఉంటాయి, వాటి మీద ఏ మందు కొట్టారో మనకి తెలియదు. వేళ్లు కడిగి, మట్టి మార్చి, నెలరోజులు బాల్కనీలో ఉంచాకే లోపలికి. ఫొటోలో అడవంత అందం రాదు, ఒప్పుకుంటాను.

ఈ మూడింటిలో ఏదీ తీర్చలేని సమస్య మే నెల. ఈ బల్లికి 22 నుంచి 26 డిగ్రీలు హాయి. 28 దాటి ఎక్కువసేపు ఉంటే నీరసిస్తుంది, ఇంకా పెరిగితే చచ్చిపోతుంది. మొక్కల కోసం పెట్టిన ఎల్‌ఈడీ లైటు కూడా పెట్టెలో ఒకటి రెండు డిగ్రీలు పెంచుతుంది. గడ్డకట్టించిన నీళ్ల సీసా జాలీ మూత మీద పెట్టడం కరెంటు పోయిన గంటకి పనికొస్తుంది గానీ ఎండాకాలానికి కాదు. పగలంతా ఏసీ నడపలేని ఇంట్లో ఈ జీవి వద్దు. అలాంటివాళ్లు అదే పెట్టెలో ఫెర్న్‌లు, నాచు, స్ప్రింగ్‌టెయిల్స్ మాత్రం పెంచుకోవచ్చు. 1829లో లండన్‌లో నథానియల్ వార్డ్ అనే డాక్టరు మూసిన సీసాలో ఫెర్న్ మొలవడం చూసి ఈ గాజుపెట్టెల ఆట మొదలుపెట్టాడు, అందులో జంతువే లేదు. తర్వాత చైనా తేయాకు మొక్కలు ఓడల్లో మన దేశానికి బతికి వచ్చింది అలాంటి పెట్టెల్లోనే.

బదులుగా నక్షత్ర తాబేలు పెడదామా అని ఒక స్నేహితుడు అడిగాడు. అది మన అడవి జీవి, ఇంట్లో పెట్టుకుంటే వన్యప్రాణి చట్టం కింద నేరం. డార్ట్ కప్పలు, బాల్ పైథాన్ అనే కొండచిలువ లాంటివి, అడవి జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ జాబితాలో ఉన్నాయి కాబట్టి, 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి.

మా గెకో ఇప్పుడు కుండీల పెట్టెలో ఉంది, పోయిన ఆదివారం 43 గ్రాములు. మట్టి పెట్టె హాల్లో బల్లి లేకుండానే పచ్చగా ఉంది. దానికి రోజూ నీళ్లు చల్లేది అమ్మే.