మందిర స్థలం ఎవరి పేరున: సొసైటీయా, ట్రస్టా?

చెన్నైలోని తెలుగు క్రైస్తవ సంఘాల పెద్దలు తరచూ అడిగే ప్రశ్న ఇది. ఎవరో ప్రార్థనా మందిరానికి స్థలం ఇస్తామంటారు; దాన్ని ఏ పేరున రాయించుకోవాలి? పాస్టరు పేరున వద్దు. ఆయన తర్వాత వారసులు వస్తారు.

సొసైటీ సులువు. తమిళనాడు 1975 చట్టం కింద నమోదు చేయించుకుంటే పెత్తనం సభ్యులదే. అయితే నియమావళి మార్చేదీ అమ్మకానికి తీర్మానం చేసేదీ కూడా వాళ్లే. ఎన్నికల్లో ఒక వర్గం గెలిస్తే బయటివారెవరూ ముందుగా అడ్డుపడరు. గుడి మాన్యాలకు ఇక్కడ 1959 చట్టం 34వ సెక్షన్ ఉంది, దేవాదాయ కమిషనర్ అనుమతి లేని అమ్మకం చెల్లదు. చర్చి స్థలాలకు అలాంటి కాపలాదారు లేడు.

దానపత్రంలో ‘ఎన్నటికీ అమ్మరాదు’ అని రాయిస్తే చాలదా అంటారు. చాలదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 10వ సెక్షన్ ప్రకారం, పుచ్చుకున్నవారు అసలే అమ్మకూడదన్న షరతు చెల్లదు. సొసైటీకి ఇచ్చినా అది ధర్మానికి ఇచ్చినట్టేనని కోర్టులో వాదించవచ్చు. కానీ ఆ వాదన అమ్మకం జరిగాక మొదలవుతుంది.

అందుకే నా మొగ్గు ట్రస్టు వైపు. ఆరాధన కోసమని పత్రంలో స్పష్టంగా అంకితం చేస్తే ఆస్తి ఆ పనికి కట్టుబడుతుంది, ట్రస్టీలు దాన్ని నడిపేవారే. సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద ట్రస్టులో ఆసక్తి ఉన్న ఇద్దరు కోర్టు అనుమతితో దావా వేసి ట్రస్టీని తొలగించమని కోరవచ్చు. ట్రస్టు ఆస్తి అమ్మకానికి అనుమతించే అధికారాన్నీ ఆ సెక్షనే కోర్టుకిస్తుంది. దావాలు ఏళ్లకేళ్లు సాగుతాయి, నిజమే. అయినా సామాన్య విశ్వాసికి కోర్టు గుమ్మం తొక్కే హక్కు ఉండటం నాకు ముఖ్యం. అన్నట్టు, దస్తావేజు రాసేవారు 1882 ట్రస్టుల చట్టం పేరెత్తితే ఆపండి. ప్రజా ధార్మిక ట్రస్టులకు అది వర్తించదు.

కంపెనీల చట్టం కింద లాభాపేక్ష లేకుండా నడిచే సెక్షన్ 8 కంపెనీ పెద్ద సంస్థలకు బాగుంటుంది, సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) ఆస్తులు చాలావరకు కంపెనీగా నమోదైన ట్రస్టు అసోసియేషన్ పేరునే ఉన్నాయి. చిన్న సంఘానికి ఏటా ఆడిట్లు, దాఖలాల ఖర్చే బరువు.

ట్రస్టు పత్రంలో రెండు విషయాలు తప్పక రాయించండి: కోర్టు అనుమతి లేకుండా ట్రస్టీలకు అమ్మే, తాకట్టు పెట్టే అధికారం లేదని, ఖాళీ అయిన ట్రస్టీ స్థానాన్ని ఎవరు, ఎలా నింపాలో. ట్రస్టీలందరూ ఒకే ఇంటివారు కాకుండా చూసుకోండి.