ఆఫ్‌రోడ్‌లో ఏ ఇంజిన్‌ను నమ్మొచ్చు? మూడింటిని ఏళ్ల తరబడి నడిపాక

బ్రోచర్లలో హార్స్‌పవర్ అంకెను పెద్ద అక్షరాల్లో వేస్తారు. రోడ్డు లేని చోట ఆ అంకెతో నాకు పెద్దగా పని పడలేదు. ఏ ఇంజిన్ అయినా ఎప్పుడో ఒకప్పుడు మొరాయిస్తుంది. అలా మొరాయించినా ఇంటికి చేరుస్తుందా, ఉన్నచోటే కూర్చోబెడుతుందా అన్నదే నేను చూసేది. ఈ సమీక్ష అంతా ఆ దృష్టితో రాసిందే.

నేను బాగా వాడినవి మూడు. ఒకటి 1హెచ్‌జెడ్ అనే డీజిల్ ఇంజిన్ ఉన్న టయోటా ల్యాండ్ క్రూజర్ 70 సిరీస్. రెండోది పాత 4.0 లీటర్ల పెట్రోల్ ఇంజిన్ ఉన్న జీప్ రాంగ్లర్. మూడోది కొత్త తరం కామన్ రైల్ (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం నుంచి ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందించే పద్ధతి) టర్బో (ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపే భాగం) డీజిల్ పికప్ ట్రక్. దాని పేరు చెప్పను. నేను పడ్డ ఇబ్బందులు ఆ తరం ఇంజిన్లలో చాలావాటికి ఉన్నవే, ఒక్కరిని అనడం న్యాయం కాదు.

ముందు 1హెచ్‌జెడ్. 1990లో వచ్చిన ఇంజిన్. 4.2 లీటర్లు, వరుసగా ఆరు సిలిండర్లు, టర్బో లేదు. పవర్ 130 హార్స్‌పవర్ దగ్గర, టార్క్, అంటే చక్రాలను తిప్పే బలం, దాదాపు 285 న్యూటన్ మీటర్లు. ఇవాళ రెండు లీటర్ల టర్బో డీజిల్ కూడా దీన్ని సులువుగా దాటేస్తుంది. కానీ ఈ టార్క్ అంతా కింది ఆర్‌పీఎమ్‌లోనే, అంటే ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే, అందుతుంది. లో రేంజ్‌లో (వేగం తగ్గించి బలం పెంచే గేర్ల అమరిక) మొదటి గేర్ వేసి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేసినా బండి తన పాటికి తాను రాళ్లెక్కుతుంది. క్లచ్ తొక్కాల్సిన పని కూడా తక్కువే. డీజిల్ పంపు పూర్తిగా మెకానికల్. ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ లేదు, సెన్సార్ల గొడవ లేదు. ఆల్టర్నేటర్ పనిచేయకపోయినా బ్యాటరీలో మిగిలిన కాస్త కరెంటు చాలు, ఇంజిన్ ఆగదు. టైమింగ్ బెల్టు మాత్రం గడువుకు మార్చి తీరాలి. దానితో బేరాలాడకూడదు.

అలాగని దీన్ని నెత్తిన పెట్టుకోను. హైవే మీద ఓవర్‌టేక్ చేయాలంటే ఓపిక కావాలి. మెత్తటి ఇసుకలో మరీ కష్టం. అక్కడ నెమ్మదిగా పాకడం కుదరదు, చక్రాలు వేగంగా తిరుగుతూ ఉండాలి, దానికి నిజంగానే పవర్ కావాలి. ఎత్తైన కొండల్లో ఇంకో తంటా. వెయ్యి మీటర్లు ఎక్కితే గాలి దాదాపు పది శాతం పలచబడుతుంది. టర్బో లేని ఇంజిన్ బలం కూడా సుమారుగా అంతే తగ్గుతుంది. నా బండి పంపుకు ఎత్తును బట్టి డీజిల్ తగ్గించే ఏర్పాటు లేదు కాబట్టి గాలి చాలక నల్లపొగ. వెనక వచ్చేవాళ్లు తిట్టుకుంటారు, వాళ్ల తప్పేం లేదు.

జీప్ 4.0 గురించి చెప్పడానికి ఎక్కువ లేదు, అదే దాని గొప్పతనం. 1987 మోడల్ నుంచి 2006 దాకా నడిచిన ఇంజిన్. బ్లాక్, హెడ్ రెండూ పోత ఇనుమే. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంది కానీ సాదాసీదాది. యాక్సిలరేటర్‌ను వెంట్రుకవాసి కదిపితే బండి కూడా అంతే కదులుతుంది. పెద్ద బండల మీద ఇంజిన్ ఎంత బలంగా ఉందన్న దానికన్నా చెప్పినంతే కదులుతుందా అన్నది ముఖ్యం. పెట్రోల్ బాగా తాగుతుంది, అది అందరికీ తెలిసిందే.

ఇక టర్బో డీజిల్. నిజం చెప్పాలంటే నాకు నడపడానికి హాయిగా అనిపించేది ఇదే. ఇసుకలో, నిట్టనిలువు మట్టి దారిలో, వెనక ట్రైలర్ ఉన్నప్పుడు దీనికి పై రెండూ సాటిరావు. ఎత్తైన చోటికి వెళ్లినా టర్బో గాలిని నొక్కి పంపుతుంది కాబట్టి బలం అంతగా తగ్గదు. పాత టర్బోల్లో ఉండే ఆలస్యాన్ని ఆటోమేటిక్ గేర్‌బాక్స్ చాలావరకు కప్పేస్తుంది.

టెన్షన్ ఎక్కడంటే, ఇది చెడే పద్ధతిలో. కామన్ రైల్‌లో డీజిల్ ఒత్తిడి రెండు వేల బార్ దాకా వెళ్తుంది. అంత ఒత్తిడిలో పనిచేసే ఇంజెక్టర్ల సందులు చాలా సన్నం. డీజిల్‌లో కొంచెం నీళ్లు కలిసినా, సన్నటి మురికి ఉన్నా అవి ఓర్చుకోవు. ఒకసారి డ్రమ్ములోంచి పోయించుకున్న డీజిల్ తర్వాత హెచ్చరిక లైటు వెలిగింది, కాసేపటికి లింప్ మోడ్, అంటే ఇంజిన్ తనను తాను కాపాడుకోవడానికి బలం తగ్గించేసుకోవడం. బండి నడుస్తుంది కానీ ఎక్కదు. ఏటవాలులో అలా జరిగితే వెనక్కి దిగడం తప్ప దారి లేదు. ఆ తర్వాత నీటిని వేరుచేసే ఇంకో ఫిల్టర్ పెట్టించాను, డ్రమ్ము డీజిల్ వడగట్టకుండా పోయించుకోలేదు, మళ్లీ ఆ బాధ రాలేదు. రెండోది డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్. ఆ మసిని కాల్చుకోవాలంటే దానికి 600 డిగ్రీల దాకా వేడి కావాలి. రోజంతా లో రేంజ్‌లో పాకుతుంటే ఆ వేడి రాదు. అందుకే ఆఫ్‌రోడ్ అయ్యాక తిన్నగా ఆపేయకుండా కొంతదూరం హైవే మీద ఒకే వేగంతో నడుపుతాను.

పాతదైతే గట్టిది, కొత్తదైతే నాసి అని తేల్చేయడం కూడా నాకు నచ్చదు. 2024లో టయోటా దాదాపు లక్ష టండ్రా, లెక్సస్ ఎల్‌ఎక్స్ బండ్లను వెనక్కి పిలిచింది. ట్విన్ టర్బో వీ6 తయారీలో లోహపు పొట్టు లోపలే ఉండిపోయిందని కారణం చెప్పింది. 2025లో జీఎమ్ తన 6.2 లీటర్ల వీ8 ఉన్న ట్రక్కులు, ఎస్‌యూవీలు ఏడు లక్షలకు పైగా పిలిచింది. క్రాంక్‌షాఫ్ట్, కనెక్టింగ్ రాడ్ భాగాల్లో లోపాలు. తనిఖీలో బాగున్నట్టు తేలినవాటికి చిక్కటి ఆయిల్ పోసి పంపారు. ఒకదానికి టర్బో ఉంది, రెండోదానికి లేదు. అసలు లోపం తయారీలో జరిగింది. కొత్త మోడల్ వచ్చిన మొదటి ఏడాదే కొనేవాళ్ల ధైర్యం నాకు లేదు.

ఇంజిన్ ఏదైనా దుమ్ముకు లొంగుతుంది. ఎయిర్ ఫిల్టర్ సరిగ్గా కూర్చోకపోతే, స్నార్కెల్ (ఇంజిన్‌కు పైనుంచి గాలి తెచ్చే గొట్టం) జాయింటు కొద్దిగా వదులైతే, సన్నటి దుమ్ము సిలిండర్లలోకి పోయి పిస్టన్ రింగులను అరగదీస్తుంది. ఇది మెల్లగా జరుగుతుంది, ఏ లైటూ వెలగదు. అప్పుడప్పుడూ పాత ఆయిల్‌ను ల్యాబ్ పరీక్షకు పంపుతాను. అందులో దుమ్ములో ఉండే సిలికాన్ పెరిగిందంటే చాలావరకు దుమ్ము లోపలికి వెళ్తోందనే అర్థం. దుమ్ములో తిరిగే బండికి మాన్యువల్లో ‘కఠిన వాడకం’ కింద ఉన్న గడువుకే ఆయిల్ మార్చాలి, మామూలు గడువుకు కాదు. రేడియేటర్ రెక్కల్లో ఎండిన బురద పేరుకుంటే నెమ్మదిగా పోతున్నప్పుడు వేడి ఎక్కుతుంది. కడిగేటప్పుడు ఇంజిన్ వైపు నుంచి బయటికి నీళ్లు కొట్టాలి, అదీ తక్కువ ఒత్తిడితో. లేకపోతే రెక్కలు వంగిపోతాయి.

ఒంటరిగా, మెకానిక్ దొరకని దారుల్లో రోజుల తరబడి తిరిగేవాళ్లకు నేను మెకానికల్ డీజిల్‌నే చెబుతాను. వారమంతా రోడ్డు మీద, వారాంతంలో మట్టిలో తిరిగేవాళ్లు దాన్ని కొంటే నెలలోనే విసుక్కుంటారు. వాళ్లకు టర్బో డీజిలే నయం.

వాడిన బండి కొంటున్నారా? ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉన్నప్పుడే స్టార్ట్ చేయమనండి. అమ్మేవాళ్లు ముందే వేడి చేసి ఉంచితే ఇంకో రోజు వెళ్లండి. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత విప్పి చూడండి, గుప్పుగుప్పున గాలి తంతుంటే రింగులు అరిగినట్టే. చివరగా ఎయిర్ ఫిల్టర్ తీసి, దాని తర్వాత ఇంజిన్‌కు పోయే గొట్టం లోపల వేలు పెట్టి రుద్దండి. వేలికి దుమ్ము అంటితే బేరం అక్కడితో ఆపేయండి.